పని నిషిద్ధం, సంపాదన తప్పనిసరి

సూరాయమ్మ సంచి సర్దుతోంది. రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, గుడ్డలో మూటకట్టిన వేరుశనగ ఉండలు, కొబ్బరినూనె సీసా. సీసా మూతకి దారం చుట్టి, తలకిందులు చేసి చూసి, నమ్మకం చాలక మళ్ళీ చుట్టింది. అన్నీ పెట్టింది గానీ దువ్వెన పెట్టలేదు. దాన్ని గోడగూట్లో దీపం బుడ్డి వెనక్కి నెట్టేసింది.

"దువ్వెన ఏదమ్మమ్మా?" అంది నూకరత్నం.

"ఏమోనే. కనపడ్డంలేదు. వచ్చాక దువ్వుకుందువుగాన్లే."

"పది రోజులా? పేలు పట్టేత్తాయి."

"పడితే పట్టనీ. పేలున్న పిల్లని ఎవరూ అట్టేపెట్టుకోరు. ఇంటికి తోలేత్తారు."

సంచిలో అన్నీ పట్టుకెళ్ళిన మనిషికి వెనక్కి రావలసిన పని ఉండదని సూరాయమ్మ సిద్ధాంతం. ఊరికే కట్టుకున్న సిద్ధాంతం కాదు. ఆమె మొగుడు లాంచీ మీద పనికి వెళ్ళినప్పుడు చుట్టల కట్టతో సహా సర్ది ఇచ్చింది. తమ్ముడు బొగ్గు గనులకి వెళ్ళినప్పుడు చెంబు కూడా పెట్టింది. కూతురు కువైటు వెళ్ళినప్పుడు దువ్వెన, అద్దం, తిలకం బుడ్డి, ఆఖరికి జడకి రాసే నూనెతో సహా ఏదీ మర్చిపోలేదు. ముగ్గురికీ ఏ లోటూ లేకుండా సర్దింది. ముగ్గురూ రాలేదు. అప్పటినుంచీ ఎవరు ఊరికి వెళ్ళినా ఏదో ఒకటి వెనక ఉంచడం మొదలుపెట్టింది. సంతకి వెళ్ళేవాడి తలపాగా కూడా దాచిపెట్టిన రోజులున్నాయి.

నూకరత్నం ఆ కూతురి కూతురే. పద్నాలుగో ఏడు నడుస్తోంది. బొంతలంకలో ఎనిమిదో తరగతి దాకానే ఉంది బడి. తొమ్మిదో తరగతి చదవాలంటే కాలవ అవతల పేరూరిపాలెం వెళ్ళాలి. బస్సు లేదు. సైకిలుంటే పొద్దున్నే వెళ్ళి చీకటి పడకుండా ఇంటికి వచ్చేయొచ్చు. సైకిలు లేకపోతే హాస్టల్లో చేర్చాలి. హాస్టలంటే సంచి, సంచంటే సూరాయమ్మకి గుండె దడ. అందుకని ఆ ఎండాకాలం తాండ్ర డబ్బులతో సైకిలు కొనాలని ఇద్దరూ అనుకున్నారు. సైకిలు షాపు గనిరాజు నీలం రంగు పాత లేడీస్ సైకిలు ఒకటి పక్కన పెట్టాడు కూడా.

"గంట మోగదు," అన్నాడు గనిరాజు.

"మోక్కపోతే నోటితో అరుత్తాను," అంది నూకరత్నం.

"బడి తెరిచేదాకా ఉంచుతాను. తర్వాత నన్ననకండి."

తాండ్ర ఓపిక పని. పండిన మామిడికాయల రసం పిండి, పలచటి గుడ్డలో వడగట్టి, పంచదార కలిపి తాటాకు చాపల మీద పల్చగా పరవాలి. అది ఎండాక రేపు దాని మీద మరో పొర. ఎల్లుండి మరోటి. పొరలన్నీ కలిసి వేలు మందం వచ్చేదాకా ఒక్క రోజూ మానకూడదు. మానితే కింది పొర గట్టిపడిపోయి పై పొరని పట్టుకోదు. రసం పిండడం సూరాయమ్మ వంతు. వంగి పరవడం నూకరత్నం వంతు, ఎందుకంటే సూరాయమ్మ ఒకసారి వంగితే మళ్ళీ లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి.

ఈ ఏర్పాటంతా సవ్యంగా సాగుతుండగా పంచాయతీ కార్యదర్శి అవతారం గారు చాపల మధ్య నుంచి పంచె ఎత్తిపట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు.

"పెద్దమ్మా, వేసవి ఆర్జన శిబిరం అని కొత్తగా పెట్టారు. పదమూడు నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలు ఎండాకాలం ఊరికే తిరక్కుండా నాలుగు డబ్బులు సంపాదించుకోడం ఎలాగో నేర్పుతారంట. ఊరికొక్కరిని పంపాలి. మీ రత్నం పేరు రాసేశాను."

"మా పిల్ల ఇప్పుడు సంపాదిత్తానే ఉందికదండి బాబూ."

"అందుకే రాశాను. సంపాదన రాని పిల్లని పంపితే, రేపు దానికి రాకపోతే మాట పడేది నేను. వచ్చిన పిల్లని పంపితే శిక్షణ ఫలించినట్టే కదా."

"అది అక్కడుంటే ఇక్కడ సంపాదన ఆగిపోద్దికదండి."

"ఆగుతుంది. శిక్షణలో ఉన్నప్పుడు సంపాదన ఆగడం ఎక్కడైనా ఉన్నదే," అన్నాడు అవతారం గారు. "పదే రోజులు. పైగా శిబిరంలో సంపాదించిందంతా ఆఖర్న పిల్లల చేతికే ఇస్తారు."

ఆ ఆఖరి మాట నూకరత్నం చెవిన పడింది. అమ్మమ్మ పది రోజులు ఎలాగోలా వంగితే, తను పది రోజులు అక్కడ సంపాదిస్తే, సైకిలుకి గంట కూడా వేయించవచ్చని లెక్క కట్టింది. పక్కింటి మంగాయమ్మ వచ్చి సాయం పడతానంది. సూరాయమ్మకి కాదనడానికి ఏమీ దొరకలేదు. దువ్వెన దాచడం ఒక్కటే మిగిలింది.

శిబిరం పేరూరిపాలెం తుఫాను షెల్టర్లో పెట్టారు. గాలివానకి ఎగరని కట్టడం కనుక సంపాదనకీ తట్టుకుంటుందని కాబోలు. గుమ్మం మీద పెద్ద బ్యానరు. సూరాయమ్మ దాని కింద నిలబడి కూడబలుక్కుని చదివింది. ఆమెది పొట్లాల చదువు. తాండ్ర చుట్టడానికి తూకానికి కొన్న పాత పేపర్లలోంచి ఒక్కొక్క అక్షరం పట్టుకుని, ఎవరూ నేర్పకుండానే చదవడం నేర్చుకుంది. అందువల్ల ఆమె చదివిన ఏ వార్తకీ చివర ఉండేది కాదు. కాగితం చిరిగిన చోటే కథ అయిపోయేది.

"ప-ని నేర్చు-కో, సం-పాదించు-కో," అని చదివి, "బానే రాశారు," అంది.

లోపల ముప్ఫై మంది పిల్లలు, ఒక వేదిక, వేదిక మీద ఇద్దరు అధికారులు. మొదటాయన శిబిరం ప్రత్యేకాధికారి కామేశం గారు. మనిషి సన్నగా ఉన్నా గొంతు లావు. ఆయన లేచి, "ఆర్జనయే ఆత్మగౌరవమునకు తొలి సోపానము," అని మొదలుపెట్టి, సదరు సోపానాన్ని గంటసేపు ఎక్కాడు. ఈ శిబిరంలో బుట్టలల్లడం, కాగితం సంచులు చేయడం, చెరుకురసం తీయడం, మల్లెపూలు మాలకట్టడం నేర్పి, పిల్లలు చేసినవి అమ్మి, ఆ సొమ్ము వాళ్ళకే ఇస్తామన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పుడు రెండో అధికారి లేచింది. ఆమె కార్మిక శాఖ నుంచి వచ్చిన విమలాదేవి గారు. మెత్తగా మాట్లాడే మనిషి.

"ప్రత్యేకాధికారి గారి ఆశయాన్ని మా శాఖ మనసారా అభినందిస్తోంది. అయితే పిల్లల చేత పని చేయించడం మా శాఖ దృష్టిలో తీవ్రమైన విషయం. బుట్ట అల్లితే పని. రసం తీస్తే పని. మాల కడితే పనే. కావున ఈ శిబిరంలో ఏ ఒక్క బిడ్డ ఏ ఒక్క పని చేసినా నేను శిబిరం మూసివేయవలసి వస్తుందని సవినయంగా మనవి చేస్తున్నాను."

పిల్లలు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చేతులు గాల్లో ఉంచారు. అధికారులిద్దరూ సంప్రదింపుల కోసం వెనక గదిలోకి వెళ్ళారు. ఇడ్లీలు కూడా ఆ గదిలోకే వెళ్ళాయి. సంప్రదింపులు ముగిసి మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చాక కామేశం గారు నిర్ణయం ప్రకటించాడు.

"ఉభయ శాఖల మధ్య పూర్తి ఏకాభిప్రాయం కుదిరింది. పథకం ప్రకారం పిల్లలు సంపాదించి తీరాలి. చట్టం ప్రకారం పని చేయరాదు. కనుక ఈ శిబిరంలో పిల్లలు పని చేయకుండా సంపాదిస్తారు."

నిచ్చెన తెచ్చి బ్యానరులో 'పని నేర్చుకో' అన్న సగానికి సున్నం కొట్టారు. వెదురు బద్దలూ, చెరుకు మిషనూ గదిలో పెట్టి తాళం వేశారు.

"పన్జెయ్యకుండా ఎలా సంపాదిత్తారండి?" అని సూరాయమ్మ పక్కనున్న అటెండరుని అడిగింది.

"ఆ విషయంలో మా అయ్యగారికి ఇరవై ఏళ్ళ అనుభవం ఉందమ్మా," అన్నాడు అటెండరు. ఎగతాళి లేదు గొంతులో. గౌరవంగానే అన్నాడు.

తర్వాత పిల్లలకి తలా ఒక సంచి పంచారు. అందులో సబ్బు, పళ్ళపొడి, చిన్న అద్దం, ఎర్రటి కొత్త దువ్వెన ఉన్నాయి. నూకరత్నం దువ్వెన పైకెత్తి అమ్మమ్మకి చూపించి నవ్వింది. సూరాయమ్మ తిరుగు ఆటోలో దారిపొడుగునా ఆ ఎర్ర దువ్వెననే తలుచుకుంది.

మూడో నాడు మనసాగక, పొరల పని మంగాయమ్మకి అప్పజెప్పి, నాలుగు తాండ్ర ముక్కలు చుట్టుకుని వెళ్ళింది. షెల్టరు ఖాళీగా ఉంది. గేటు దగ్గర కాపలా మనిషి ఏసుమణి ఒక్కతీ కూర్చుని ఉంది.

"పిల్లలేరే?"

"బస్సులో ఎల్లారు పిన్నీ. మురమళ్ళవారిపేటలో ఇలాంటి శిబిరమే ఉందంట, దాన్ని పరిశీలించడానికి."

సాయంత్రం బస్సు వచ్చింది. నూకరత్నం దిగి తాండ్ర ముక్క నోట్లో పెట్టుకుని విషయం చెప్పింది. పని చేయకుండా సంపాదించే మార్గాలు కామేశం గారికి మూడు తెలుసట. ఒకటి, సమావేశంలో కూర్చుంటే వచ్చేది. రెండు, ప్రయాణం చేస్తే వచ్చేది. మూడు, ఇంకొకరు చేసేది పరిశీలిస్తే వచ్చేది. మూడూ కలిసొచ్చేలా రోజూ పొద్దున్నే వీళ్ళని బస్సెక్కించి ఆ శిబిరం చూడ్డానికి తీసుకెళ్తున్నారు.

"మరి అక్కడ పిల్లలేం జేత్తన్నారే?"

"అక్కడెవరూ ఉండరమ్మమ్మా. వాళ్ళు మా శిబిరం చూడ్డానికి ఇటొత్తారు. వంతెన మీద రెండు బస్సులూ ఎదురవుతాయి. మేం వాళ్ళకి చెయ్యూపుతాం, వాళ్ళు మాకూపుతారు. కామేశం గారు దాన్నే అనుభవాల మార్పిడి అన్నారు."

"అక్కడికెల్లి ఏం చూత్తారే మరి?"

"ఖాళీ గది. మాదానికంటే పెద్దది."

సూరాయమ్మ అసలు సంగతికి వచ్చింది. "డబ్బులిత్తన్నారా?"

"ఆఖర్న ఇత్తారంట. నాకు అందరికంటే ఎక్కువొత్తాయి. సమావేశంలో నిద్దరపోకుండా కూర్చుంది నేనొక్కదాన్నే. మెచ్చుకున్నారు గానీ, మరీ అంత శ్రద్ధగా చూడకు, పనిచేస్తున్నట్టు ఉంటుంది అన్నారు." ఆ పిల్ల వేళ్ళకి అంటిన తాండ్ర నాక్కుంటూ, "ఎన్నో పొరలో ఉన్నాం?" అని అడిగింది.

"నాలుగు. మంగాయమ్మది చెయ్యి బరువు. గట్లుగట్లుగా వత్తంది."

"మణికట్టుతో కాదు, మోచేత్తో తిప్పమను. నేనొచ్చాక సరిచేత్తాను."

నేనొచ్చాక అన్న మాటని సూరాయమ్మ తాండ్ర ముక్కలా చప్పరిస్తూ ఇంటికి వచ్చింది.

పదో నాడు ఉతికిన చీర కట్టుకుని పిల్లని తెచ్చుకోవడానికి వెళ్ళింది. గోడగూట్లోని దువ్వెన కొంగున కట్టుకుంది, దారిలో తల దువ్వొచ్చని. షెల్టరు వరండాలో కామేశం గారు పిల్లల్ని రెండు వరసల్లో నిలబెట్టి ఉన్నాడు.

"బాబుగారూ, పది రోజులయిందండి. పిల్లని తీసుకెల్తాను."

"మీ అమ్మాయి ఉత్తీర్ణురాలైందమ్మా. ప్రథమ స్థానం."

"సంతోషమండి. తీసుకెల్తాను."

"ఉత్తీర్ణులైనవారు సంపాదనాపరులుగా గుర్తింపబడి, తదుపరి విడతలో ఇతరులకు శిక్షణ ఇవ్వవలసి ఉంటుంది. అది మార్గదర్శకాల్లో ఉంది."

"అయితే రెండో వరసలో పిల్లలు ఇంటికెల్తారాండి?"

"వాళ్ళు ఉత్తీర్ణులు కాలేదు. నేర్చుకునే దాకా ఇక్కడే ఉంటారు."

సూరాయమ్మ రెండు వరసలూ వేలితో చూపించింది. "పాసయినోళ్ళు ఉండిపోవాలి. ఫెయిలయినోళ్ళు ఉండిపోవాలి. మరి ఇంటికెల్లేది ఎవరండి?"

కామేశం గారు నిజాయితీగా కాగితాలు తిరగేసి చూశాడు. "ఆ వర్గం మార్గదర్శకాల్లో లేదమ్మా," అన్నాడు.

"పిల్లకి దువ్వెన ఇంటిదగ్గర ఉండిపోయిందండి. ఒక్కసారి వచ్చి తీసుకెల్తాది."

"మేం ఇచ్చాం కదా."

"అది ఎర్రదండి. దాని పళ్ళు గుచ్చుకుంటాయి."

"ఫిర్యాదు నమోదు చేస్తాం," అన్నాడు కామేశం గారు. అటెండరు వచ్చి నమోదు చేసుకుని వెళ్ళాడు. అంతకంటే ఏమీ జరగలేదు.

సూరాయమ్మ నూకరత్నాన్ని పక్కకి పిలిచింది. "ఆటో బయటే ఉంది. నడు, ఎల్లిపోదాం. డబ్బులూ వద్దు, ఏమొద్దు."

నూకరత్నం గేటు వైపు చూసింది. ఏసుమణి స్టూలు మీద కూర్చుని పిల్లల తలలు లెక్కపెడుతోంది.

"తల తగ్గితే నా ఉద్యోగం తగ్గుద్ది అందమ్మమ్మా. ఆవిడికి ఇద్దరు పిల్లలు. రోజూ రాత్రి నాకు జడేత్తాది కూడా." గొంతు తగ్గించి, "పారిపోతే తప్పు గానీ వాళ్ళే తరిమేత్తే తప్పేముంది? ఇక్కడ పన్జేత్తే శిబిరం మూసేత్తామన్నారుకదా. నేను పన్జేత్తాను. చచ్చినట్టు ఇంటికి తోల్తారు," అంది.

ఆ ఉపాయానికి సూరాయమ్మ మనవరాలి నెత్తి మీద మెటికలు విరిచింది. ఆ పూట ఊరికి పోకుండా గేటు దగ్గర ఏసుమణి పక్కనే కూలబడింది, తరిమేస్తే వెంటనే తీసుకెళ్ళడానికి.

నూకరత్నం చీపురందుకుని, విమలాదేవి గారు లోపలికి వస్తున్న సమయం చూసి, ఆమె కాళ్ళ ముందే వరండా ఊడ్చింది. చెత్త ఎత్తి, నీళ్ళు చల్లి, ముగ్గు కూడా పెట్టింది. విమలాదేవి గారు ఆగింది. ముగ్గు చుట్టూ తిరిగి చూసింది. కామేశం గారి మొహం పాలిపోయింది.

"ఇది పనిలా కనిపిస్తోంది," అంది విమలాదేవి గారు.

"శిబిరంలో పని జరగదని తమరే ధ్రువీకరించి సంతకం చేశారు," అని గుర్తుచేశాడు కామేశం గారు.

విమలాదేవి గారు సంతకం సంగతి తలుచుకుంది. పని జరిగిందంటే తన ధ్రువీకరణ అబద్ధమవుతుంది. ధ్రువీకరణ అబద్ధం కావడానికి వీల్లేదు. కనుక జరిగింది పని కాదు.

"ముగ్గు ఉంది కాబట్టి సాంస్కృతిక కార్యక్రమం," అని రాసుకుంది.

మధ్యాహ్నం నూకరత్నం ముగ్గు పెట్టిన పొరపాటు మళ్ళీ చేయకుండా, ముప్ఫై మంది తిన్న కంచాలూ, గంగాళమూ తోమింది. మసి మోచేతుల దాకా వచ్చింది. అది పరిశుభ్రతపై అవగాహన కింద నమోదైంది. సాయంత్రం ఆ పిల్ల తాళం వేసిన గది కిటికీలోంచి వెదురు బద్దలు ఒక్కొక్కటే లాగి, గేటు ముందే కూర్చుని బుట్ట అల్లింది. అది ఒత్తిడి నివారణ వ్యాయామం అన్నారు. బుట్టని ఏసుమణి కూరగాయలకి తీసుకుంది.

"ఇంకేం మిగిలిందే?" అంది సూరాయమ్మ గేటు ఊచల్లోంచి.

"తాండ్ర," అంది నూకరత్నం. "అది పని కాదని ఎవడంటాడో చూత్తాను. రేపు ఎవరో పెద్దాయన వత్తాడంట. ఆయన ముందే పెడతాను. నువ్వు పళ్ళు పట్రా."

సూరాయమ్మ ఇంటికి పరుగెత్తి, మర్నాడు తొలి ఆటోకి రెండు బుట్టల పళ్ళూ, ఒక చాపా, వడగట్టే గుడ్డా తెచ్చింది. వస్తూ వస్తూ గనిరాజు షాపు ముందు ఆటో ఆపించి, నీలం సైకిలు ఉందో లేదో చూసుకుంది. ఉంది.

పెద్దాయన రాష్ట్ర స్థాయి నుంచి వచ్చాడు. ఆయన్ని అందరూ డైరెక్టరు గారు అన్నారు. ఆయన కారు దిగేసరికి షెల్టరు ముందు నడి ఎండలో చాప పరిచి ఉంది. నూకరత్నం రసం పిండుతోంది, వడగడుతోంది, మోచేయి తిప్పుతూ అద్దంలా పరుస్తోంది. నుదుటి చెమట భుజానికి తుడుచుకుంటోంది. ఈగలు వాలకుండా మోకాళ్ళ మీద చాప చుట్టూ తిరుగుతోంది. ఆ ఊళ్ళో అంతకంటే పనిలా ఉన్న పని మరొకటి ఆ రోజు జరగలేదు.

డైరెక్టరు గారు చాలాసేపు నిలబడి చూశాడు.

"ఏం చేస్తోంది ఈ అమ్మాయి?"

"పన్జేత్తన్నానండి," అంది నూకరత్నం తలెత్తకుండానే. "పొద్దుటినుంచీ చేత్తన్నాను. నన్ను ఇంటికి తోలెయ్యండి."

డైరెక్టరు గారు విమలాదేవి గారి వైపు తిరిగాడు. ఆమె ఫైలు తెరిచి చూపించింది. "శిబిరంలో పని నిషిద్ధం సార్. జరగడానికి అవకాశం లేదు. ధ్రువీకరించబడింది."

"అంటే నటిస్తోందన్నమాట," అన్నాడు డైరెక్టరు గారు.

కామేశం గారు చాప వైపు ఒకసారి చూసి, "అవును సార్," అన్నాడు.

"అద్భుతం. ఆ చెమట చూడండి. ఎన్నో శిబిరాలు చూశాను గానీ పనిని ఇంత సహజంగా నటించే అమ్మాయిని చూడలేదు. ఇంటికి పంపమనడం కూడా పాత్రలో భాగమేనా?"

"అదే ఆఖరి ఘట్టం సార్," అన్నాడు కామేశం గారు.

సూరాయమ్మ గేటు తోసుకుని వచ్చింది. ఏసుమణి ఆపలేదు. "బాబుగారూ, అది నటన కాదండి. పనేనండి. మా ఇంటి పని. ఏడేళ్ళప్పట్నుంచీ చేత్తంది. కావాలంటే తిని చూడండి."

డైరెక్టరు గారు సూరాయమ్మ తెచ్చిన పాత తాండ్ర ముక్క కొరికి, కళ్ళు మూసుకుని తిన్నాడు. "ముసలావిడ కూడా బాగా చేస్తోంది," అన్నాడు. "కానీ వయసు దాటింది. అమ్మాయిని మాత్రం రాజధానికి పంపండి. అన్ని జిల్లాల పిల్లలకీ ఈమె నమూనా."

ఆ మధ్యాహ్నమే వాళ్ళ కారులోనే తీసుకెళ్ళారు. చాప మీద పొర ఇంకా ఆరలేదు. నూకరత్నం కారు కిటికీలోంచి తల బయటపెట్టి, "అమ్మమ్మా, మబ్బు పడతంది, చాప లోపలెట్టు," అంది. చెప్పవలసిన మాటలు ఇంకా ఉన్నాయి గానీ అద్దం పైకి లేచింది. సూరాయమ్మ కొంగుముడి విప్పి, దువ్వెన తీసి, ఇవ్వాలని చెయ్యి చాపింది. అంతలోనే ఇవ్వకూడదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

డబ్బులు రాలేదు. శిబిరంలో సంపాదించిందంతా అనుభవం రూపంలో ఇప్పటికే చెల్లించడమైనదని అవతారం గారు చెప్పాడు. సూరాయమ్మ మిగిలిన పొరలన్నీ తనే వేసింది. వంగినప్పుడల్లా మంగాయమ్మా, మంగాయమ్మ కోడలూ చెరో రెక్కా పట్టి లేపారు. చాపల మీద గట్లు పడ్డాయి. అయినా తాండ్ర అమ్ముడుపోయింది. బడి తెరవడానికి వారం ముందు ఆమె గనిరాజు షాపుకి వెళ్ళి నీలం సైకిలు కొంది. తొక్కడం రాదు కనుక కాలవ గట్టు పొడుగునా పక్కన పట్టుకుని నడిచి తెచ్చింది. గనిరాజు జాలిపడి కొత్త గంట ఊరికే బిగించాడు. దారిలో రెండుసార్లు మోగించి చూసుకుంది.

మర్నాడు అవతారం గారు శుభవార్త తెచ్చాడు.

"రత్నానికి రాజధానిలో గురుకులంలో సీటిచ్చారు పెద్దమ్మా. మంచి హాస్టలు. ఇంటికీ హైస్కూలుకీ దూరం ఎక్కువ, వెళ్ళి రావడానికి సాధనం లేదు అన్న కారణం మీద ప్రత్యేకంగా ఇచ్చారు."

సూరాయమ్మ వసారాలో ఉన్న సైకిలు చూపించింది. "సాధనం ఉందండి. అదిగో."

అవతారం గారు సైకిలు చూశాడు, పెడలు తిప్పి చూశాడు, గంట కూడా కొట్టి చూశాడు. "ఇది ఎప్పుడు కొన్నారు?"

"నిన్నండి."

"సీటు మొన్న ఇచ్చారు," అన్నాడు అవతారం గారు. ఆయనకీ బాధగానే ఉన్నట్టుంది. గంట మీద చెయ్యి కాసేపు తియ్యలేదు. "నువ్వు ఒక అర్జీ పెట్టు. కామేశం గారికి రాద్దాం."

కామేశం గారు ఒకటో తారీఖునే బదిలీ అయిపోయాడు. ఆయన స్థానంలో వచ్చినాయన మొదటి విడత పిల్లల సంగతి తనకి తెలియదన్నాడు. నూకరత్నం గురుకులం ఫోను నుంచి ఒకసారి మాట్లాడింది. దసరాకి రమ్మంటే దసరాకి ప్రదర్శన ఉందంది. ఎండాకాలానికి రమ్మంటే, "ఎండాకాలమే కదమ్మమ్మా శిబిరాలు," అంది. ఆ పిల్ల గొంతులో 'వత్తాను' పోయి 'వస్తాను' చేరింది. తరవాత ఆ నంబరు మారిపోయింది.

మరుసటి ఏడు మామిడికాయల కాలంలో సూరాయమ్మ ఎప్పటిలాగే పాత పేపర్లు తూకానికి కొంది. తాండ్ర చుట్టబోతుంటే ఒక కాగితంలో నూకరత్నం కనపడింది. వేదిక మీద చాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చెయ్యి గాల్లో తిప్పుతోంది గానీ చాప మీద రసం లేదు. జడలు రెండూ నున్నగా దువ్వి ఉన్నాయి. సూరాయమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని కూడబలుక్కుని చదివింది. "పని-ని కళ-గా మలచిన చి-న్నారి. ఈ వేసవిలో రా-ష్ట్రమంతటా..." కాగితం అక్కడికి చిరిగింది.

ఆ ముక్కలో తాండ్ర చుట్టలేదు. మడిచి గోడగూట్లో దువ్వెన కింద పెట్టింది. సాయంత్రం సైకిలు బయటికి తీసి తుడిచి, గంట ఒకసారి మోగించి, మళ్ళీ లోపల పెట్టింది.

సూరాయమ్మ మనవరాలు నూకరత్నం ఆ ముందటి ఏడు మే నెల మూడో తారీఖున బొంతలంక నుంచి పది రోజులకని వెళ్ళింది. తిరిగి రాలేదు.